ఔటర్‌లో పోయే అరగంట: రైలు వేగం ఎక్కడ కరుగుతోంది?

కొత్త రైలు వస్తోందంటే అందరూ మొదట అడిగేది దాని స్పీడే. 130, 160, 320 అంటూ పత్రికల శీర్షికల్లోకి ఎక్కేదీ అదే అంకె. కానీ ప్రయాణికుడు ఇంటి నుంచి ఇంటికి చేరే సమయానికీ ఆ అంకెకూ సంబంధం తక్కువ. సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ సుమారు 700 కి.మీ. దూరానికి సుమారు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. సగటున గంటకు 82 కి.మీ. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ దాకా లైనుకు 130 కి.మీ. వేగం అనుమతి ఉంది. దారి పొడుగునా అదే వేగంతో పోగలిగితే ఐదు గంటల ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. మిగతా మూడు గంటలు ఎక్కడికి పోయాయో లెక్క తీస్తేనే ఒక దేశపు రైల్వేకూ మరో దేశపు రైల్వేకూ ఉన్న అసలు తేడా తెలుస్తుంది.

ముందు స్పీడు పెంచితే ఎంత మిగులుతుందో చూద్దాం. 700 కి.మీ.లో 300 కి.మీ. మేర బండి నిజంగా 130 మీద పోతోందనుకుందాం. ఆ భాగాన్ని 160కి పెంచితే ఆదా అయ్యేది 26 నిమిషాలు. దానికి కంచెలు వేయాలి, గేట్లు ఎత్తేసి వంతెనలు కట్టాలి, వంపులు సరిచేయాలి, కరెంటు తీగలు మార్చాలి. ఇంతా చేశాక సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ లేక బండిని ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, అరగంట ఆపితే ఆ ఆదా మొత్తం అక్కడే పోతుంది.

ఇక కాషన్ ఆర్డర్. ట్రాక్ పని జరుగుతున్న అర కిలోమీటరులో 30 కి.మీ. వేగంతోనే వెళ్లమంటారు. వినడానికి చిన్న విషయమే. కానీ 24 ఎల్‌హెచ్‌బీ కోచ్‌లూ ఇంజనూ కలిపి బండి పొడవు దాదాపు 585 మీటర్లు. చివరి కోచ్ ఆ భాగం దాటేదాకా డ్రైవర్ వేగం పెంచకూడదు. అంటే 30 మీద నడిచేది అర కిలోమీటరు కాదు, కిలోమీటరు పైనే. దానికి ముందు 130 నుంచి వేగం తగ్గించుకోవాలి, దాటాక బరువైన బండిని మళ్లీ 130కి లాక్కెళ్లాలి. అన్నీ కలిపితే దాదాపు మూడు నిమిషాలు. దారిలో ఇలాంటివి ఐదుంటే పావుగంట. టైంటేబుల్‌లో చివరి స్టేషన్ ముందు అదనపు నిమిషాలు కలిపి పెట్టడానికి కారణాల్లో ఇదొకటి. ఆ రోజు ఆటంకాలేవీ లేకపోతే బండి టైం కంటే ముందే వచ్చి, ప్లాట్‌ఫాం దొరక్క ఊరి బయట నిలబడుతుంది.

ఒకే పట్టాల మీద అన్ని బళ్లూ

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది గూడ్స్, ప్యాసింజర్, ఎక్స్‌ప్రెస్‌లు ఒకే లైను మీద నడవడం. వంద కిలోమీటర్ల లైను ఒకటి ఊహించుకోండి. 130 మీద పోయే బండికి 46 నిమిషాలు, 60 మీద పోయే గూడ్స్‌కు 100 నిమిషాలు పడుతుంది. తేడా 54 నిమిషాలు. నడుమ ఒక బండిని పక్కకు తప్పించే లూప్ లైను లేకపోతే, వేగం బండి ఆగకుండా పోవాలంటే దాని ముందు దాదాపు గంటసేపు లైనును గూడ్స్‌కు ఇవ్వకూడదు. పది నిమిషాలకో గూడ్స్ పంపగల లైనైతే, ఒక్క వేగం బండి కోసం ఐదు గూడ్స్ బళ్ల చోటు పోయినట్టే. లూప్‌లో గూడ్స్‌ను పక్కకు పెట్టవచ్చు. కానీ అది వేగం తగ్గించి లూప్‌లోకి దూరడానికీ, మళ్లీ కదలడానికీ చాలా నిమిషాలు పడుతుంది. నిండు బొగ్గు రేకు (వ్యాగన్ల వరుస) నిలబడిన చోట నుంచి వేగం అందుకోవడం ఎంత నెమ్మదో కాజీపేట–బల్లార్షా లైను పక్కన ఉండేవాళ్లకు తెలుసు.

సిగ్నళ్ల పద్ధతి ఈ చిక్కును పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. పాత పద్ధతిలో రెండు స్టేషన్ల నడుమ ఒకే దిశలో ఒక్క బండే ఉండాలి. స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లైతే, గూడ్స్ అది దాటే పది నిమిషాలూ వెనక బండి ఆగాల్సిందే. ఆటోమేటిక్ సిగ్నళ్లు కిలోమీటరుకొకటి చొప్పున ఉంటే అదే దూరంలో నాలుగైదు బళ్లు నడుస్తాయి. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కి.మీ. మేర అమర్చిన కవచ్‌ గురించి ఇక్కడే ఒక మాట. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటకుండా అది బ్రేక్ వేస్తుంది. ప్రాణాలు కాపాడే పరికరం అది. కానీ సిగ్నళ్ల మధ్య దూరం మార్చకుండా కవచ్ ఒక్కటే అమర్చితే లైను మీద బళ్ల సంఖ్య పెరగదు. ఈ రెండిటినీ కలిపి మాట్లాడటం వల్ల అనవసరమైన ఆశలు పుడుతున్నాయి.

జపాన్ ఈ చిక్కును 1964లోనే విడదీసింది. ఆ ఏడాది అక్టోబర్ 1న టోక్యో–షిన్ ఒసాకా మధ్య 515 కి.మీ. షింకన్‌సెన్ అనే వేగపు రైలు మార్గం మొదలైంది. అక్కడి పాత లైన్ల గేజ్, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు, 1067 మి.మీ., కొత్తది 1435 మి.మీ. పాత బండి ఏదీ కొత్త లైను ఎక్కలేదు. గేట్లు లేవు, గూడ్స్ లేదు. మొదట్లో గరిష్ఠ వేగం 210 కి.మీ. మాత్రమే. ఇప్పుడు 285. అన్ని స్టేషన్లలో ఆగే కొదామా స్టేషన్‌లో పక్క లైనులో నిలబడితే, తక్కువ స్టేషన్లలో ఆగే నొజొమి నడి లైనులోంచి దూసుకుపోతుంది. 2020 మార్చి నుంచి రద్దీ వేళ గంటకు 12 నొజొమిలు నడిపే వీలుంది. ఒక్కో బండికి 16 కోచ్‌లు, 1,323 సీట్లు. అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా ఒక్క ప్రయాణికుల బండీ తిరగదు, ట్రాక్ పని అంతా ఆ ఆరు గంటల్లోనే చేస్తారు. పగలు కాషన్ ఆర్డర్ల బెడద తగ్గడానికి ఇదే కారణం. మన లైన్ల మీద రాత్రంతా స్లీపర్ బళ్లూ గూడ్సులూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, ట్రాక్‌మన్లు బండికీ బండికీ మధ్య దొరికిన సందులో పని చేసుకోవాలి.

ఫ్రాన్స్ మరో దారి పట్టింది. 1981లో మొదలైన పారిస్–లియాన్ వేగ మార్గం గేజ్ పాత లైన్లదే. అందుకే టీజీవీ అనే అక్కడి వేగపు రైలు ఊరి బయట దాకా కొత్త లైను మీద వచ్చి, చివరి కిలోమీటర్లు పాత పట్టాల మీదుగా నగరం నడిబొడ్డున ఉన్న పాత స్టేషన్‌లోకే చేరుతుంది. ఇళ్లు కూల్చి కొత్త టెర్మినల్ కట్టాల్సిన పని తప్పింది. గూడ్స్ ఎక్కదు కాబట్టి కిలోమీటరుకు 35 మీటర్ల ఎత్తు పెరిగే ఏటవాలు కూడా పెట్టగలిగారు. కొండల్ని తొలిచే బదులు మీదుగానే ఎక్కించారు. ఆ లైను మీద ఒక్క సొరంగం కూడా లేదు.

స్పెయిన్‌కు ఆ వీలు లేకపోయింది. దాని పాత గేజ్ 1668 మి.మీ., మన బ్రాడ్‌గేజ్‌కు 8 మి.మీ. మాత్రమే తక్కువ. 1992లో మాడ్రిడ్–సెవిల్ లైనును 1435తో వేసింది. రెండు గేజ్‌లు కలిసే చోట్ల ఒక షెడ్డు లాంటి ఏర్పాటు ఉంటుంది. బండి నడక వేగంతో అందులోంచి వెళ్తుంటే చక్రాల తాళం విడివడి, పట్టాల వెడల్పుకు తగ్గట్టు చక్రాలు జరిగి, మళ్లీ బిగుసుకుంటాయి. ప్రయాణికులు దిగనక్కర్లేదు. ముంబై–అహ్మదాబాద్ 508 కి.మీ. బుల్లెట్ రైలు మార్గం కూడా 1435 గేజే. గేజ్ మార్చుకునే బళ్లు లేనంత కాలం దాని లాభం ఆ లైను మీది స్టేషన్లకే అందుతుంది.

టోక్యో స్టేషన్‌లో 12 నిమిషాలు

బండి పరిగెత్తేటప్పుడు కాదు, నిలబడినప్పుడు చూడాలి దాని పనితనం. టోక్యో స్టేషన్‌లో ఉత్తరానికి వెళ్లే షింకన్‌సెన్‌లన్నిటికీ ఉన్నది రెండే ప్లాట్‌ఫాంలు, నాలుగు లైన్లు. నాలుగు నిమిషాలకో బండి బయలుదేరాలంటే ఒక్కో లైనుకు దొరికేది 16 నిమిషాలు. అందులో పాత బండి వెళ్లి కొత్తది వచ్చి ఆగడానికి నాలుగు పోతాయి. మిగిలేది 12. దిగడానికీ ఎక్కడానికీ కలిపి ఐదు, శుభ్రం చేయడానికి ఏడు. ఆ ఏడు నిమిషాల్లో సిబ్బంది చెత్త తీస్తారు, సీట్ల ముందరి బల్లలు తుడుస్తారు, సీట్లన్నీ బండి వెళ్లే దిక్కుకు తిప్పుతారు, తల ఆనించే గుడ్డలు చూసి మాసినవి మారుస్తారు, మరుగుదొడ్లు కడుగుతారు. ఎక్కాల్సిన వాళ్లు అప్పటికే తమ కోచ్ గుర్తుల దగ్గర వరుసలో ఉంటారు.

మనకు ఈ ఆలోచన రాలేదని కాదు. 2023 అక్టోబర్ 1 నుంచి వందే భారత్ బళ్లను 14 నిమిషాల్లో శుభ్రం చేసే పద్ధతి మొదలుపెట్టారు. దానికి రెండు వైపులా డ్రైవర్ క్యాబిన్ ఉంది కాబట్టి ఇంజన్ మార్పిడి లేదు. మామూలు ఎక్స్‌ప్రెస్ సంగతి వేరు. చివరి స్టేషన్‌కు చేరాక ఇంజన్ విప్పాలి, రేకును (కోచ్‌ల వరుసను) తనిఖీ చేసే పిట్ లైనుకు లాగాలి, అక్కడ పరీక్ష, నీళ్లు, దుప్పట్లు, మళ్లీ వెనక్కి ప్లాట్‌ఫాం మీదికి. ఈ ఖాళీ రేకుల రాకపోకలకు కూడా స్టేషన్ ముందరి, బండిని లైను మార్చే అదే పాయింట్లు, అదే సిగ్నళ్లు కావాలి. నిండు బండి ఔటర్‌లో ఎదురుచూస్తుంటే దాని ముందు నుంచి ఖాళీ రేకు అడ్డంగా పోవడం పెద్ద టెర్మినళ్లలో రోజూ కనిపించే దృశ్యం.

అసలు నగరం మధ్యలో బండిని ముగించడమే ఖరీదైన అలవాటు. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో 21 లైన్లున్నాయి. న్యూజెర్సీ నుంచి హడ్సన్ నది కింద 1910లో తెరిచిన రెండు సొరంగాల గుండా రద్దీ వేళ గంటకు దాదాపు 24 బళ్లు వస్తాయి, లాంగ్ ఐలాండ్ నుంచి వచ్చేవి అదనం. న్యూజెర్సీ బళ్లూ లాంగ్ ఐలాండ్ బళ్లూ అక్కడికే వచ్చి ఆగిపోతాయి, ఒకరి లైను మీదికి ఇంకొకరు వెళ్లరు. ప్లాట్‌ఫాంలు ఇరుకు. అందుకే జనాన్ని పై అంతస్తులో నిలబెట్టి, లైను నంబరు చివరి నిమిషాల్లో బోర్డు మీద వేస్తారు. న్యూజెర్సీలోని ఎడిసన్, మెట్రోపార్క్‌ల నుంచి రోజూ వెళ్లే మనవాళ్లకు ఆ మెట్ల దగ్గరి తోపులాట బాగా తెలుసు.

దాని పక్కన మ్యూనిక్‌ను పెట్టి చూడండి. 1972 ఒలింపిక్స్ కోసం తెరిచిన ఎస్-బాన్ (నగర లోకల్ రైలు) సొరంగంలో రెండే లైన్లు. అయినా ఒక్కో దిశలో గంటకు 30 బళ్లు. కారణం, ఏ బండీ అక్కడ ముగియదు. ఊరికి ఈ చివర వచ్చింది ఆ చివరకు పోతుంది. హాప్ట్‌బాన్‌హోఫ్, కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్లలో ఒక్కో లైనుకు రెండు వైపులా ప్లాట్‌ఫాం ఉంటుంది. ఒక వైపు దిగుతారు, ఇంకో వైపు ఎక్కుతారు. రెండు నిమిషాలకో బండి నడపాలంటే ఆగే సమయం నిమిషం లోపే ఉండాలి, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ గుమ్మంలో ఢీకొంటే అది సాధ్యం కాదు. దీని బలహీనత కూడా ఇందులోనే ఉంది. ఆ సొరంగంలో ఒక్క బండి తలుపు పడకపోయినా అన్ని దిక్కుల లైన్లూ నిలిచిపోతాయి. అందుకే రెండో సొరంగం తవ్వుతున్నారు.

టోక్యో ఇంకా ముందుకు వెళ్లింది. 1960లో అసకుసా సబ్‌వే లైనుకూ కెయ్‌సెయ్ అనే ప్రైవేటు కంపెనీ శివారు లైనుకూ మధ్య బళ్లు నేరుగా నడవడం మొదలైంది. దానికోసం కెయ్‌సెయ్ ముందే తన గేజ్‌ను 1372 నుంచి 1435కి మార్చుకుంది. సరిహద్దు స్టేషన్‌లో డ్రైవర్ మారతాడు, ప్రయాణికుడు సీట్లోంచి లేవడు. ఇప్పుడు ఆ నగరంలో సబ్‌వే లైన్లలో ఎక్కువ భాగం ఇలాగే శివారు కంపెనీల లైన్లతో కలిసి ఉన్నాయి. ఎక్కడో 40 కి.మీ. అవతల జరిగిన ఆలస్యం నగరం దాటి ఇంకో కంపెనీ లైను దాకా పాకుతుంది, నిజమే. అయినా లక్షల మందికి రోజూ ఒక బండి మారే బాధ తప్పింది.

తలుపుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. టోక్యో యమనోతె లైను బండికి 11 కోచ్‌లు, ఒక్కో కోచ్‌కు ఒక్కో వైపు నాలుగు తలుపులు, నేల ప్లాట్‌ఫాంకు సమానం. పారిస్‌లో రోజుకు పది లక్షలకు పైగా మంది ఎక్కే ఆర్‌ఈఆర్ ఏ అనే శివారు లైను రెండంతస్తుల బండిలో ఒక్కో కోచ్‌కు ఒక్కో వైపు మూడు వెడల్పాటి తలుపులు. మన ఎక్స్‌ప్రెస్ కోచ్‌కు వైపుకు రెండే, అవీ ఇరుకువి, చివర్లలో, పైగా ప్లాట్‌ఫాం నుంచి మెట్లెక్కాలి. సూట్‌కేసుతో, చంకలో బిడ్డతో ఎక్కే మనిషికి పది సెకన్లు పడుతుంది. రెండు నిమిషాల హాల్టులో ఒక తలుపు గుండా దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిపి పన్నెండు మందికి మించరు. పండగ రోజుల్లో హాల్టు ఐదు నిమిషాలు కావడానికి చైను లాగక్కర్లేదు.

స్విట్జర్లాండ్ ఎందుకు 45 నిమిషాలు కోరలేదు

ఈ దేశాలన్నిటిలో మనం ఎక్కువగా చదవాల్సింది స్విట్జర్లాండ్ పద్ధతి. 1982లో దేశమంతటా ఒకే నియమం తెచ్చారు: ప్రతి గంటా అవే నిమిషాలకు బండి. 1987లో ప్రజల ఓటుతో బాన్ 2000 అనే ప్రణాళిక ఆమోదం పొందింది. జ్యూరిక్, బెర్న్, బాసెల్ లాంటి కూడలి స్టేషన్లకు బళ్లన్నీ గంట కొట్టడానికి కాస్త ముందు వచ్చి, కొట్టాక కాస్త ఆగి బయలుదేరాలి. ఆ నడుమ ఎవరైనా ఏ బండిలోంచి ఏ బండిలోకైనా మారవచ్చు. అలా జరగాలంటే రెండు కూడళ్ల మధ్య ప్రయాణం గంటకు నాలుగైదు నిమిషాలు తక్కువ ఉండాలి. బాసెల్–జ్యూరిక్ మార్గం ఆ లెక్కకు సరిపోయేది. జ్యూరిక్–బెర్న్ మాత్రం గంట దాటేది. అందుకని మాట్‌స్టెటెన్–రోత్రిస్ట్ మధ్య 45 కి.మీ. కొత్త లైను వేశారు, 200 కి.మీ. వేగానికి. 2004 డిసెంబర్ నుంచి జ్యూరిక్–బెర్న్ 56 నిమిషాలు. గంట దాటాక 2 నిమిషాలకు జ్యూరిక్‌లో బయలుదేరిన బండి 58కి బెర్న్‌లో ఉంటుంది.

ఇంకా డబ్బు పోసి 45 నిమిషాలకు తగ్గించవచ్చు కదా? తగ్గించినా బెర్న్‌లో బండి మారేవాడు ఆ పదకొండు నిమిషాలూ ప్లాట్‌ఫాం మీదే నిలబడతాడు, ఎందుకంటే అతను ఎక్కాల్సిన బండి గంట దాటాకే కదులుతుంది. 62 నిమిషాలైతే ఆ బండే తప్పిపోతుంది, గంటో అరగంటో ఆగాలి. కాబట్టి 56 సరైన అంకె. ముందు టైంటేబుల్ రాసి, దానికి ఎక్కడ ఎంత లైను కావాలో ఆ తర్వాత లెక్క వేశారు. మనం లైను వేసి, బండి కొని, చివరికి టైం చూస్తాం.

ఈ పద్ధతి ఆలస్యాన్ని భరించలేదు. 2024లో స్విస్ రైల్వేలో 93 శాతానికి పైగా ప్రయాణాలు మూడు నిమిషాల లోపు తేడాతో ముగిశాయి. అదే ఏడాది జర్మనీ దూరప్రాంత బళ్లలో టైంకు వచ్చినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. జర్మనీ తన వేగపు బళ్లను పాత లైన్ల మీద గూడ్సులతో, లోకల్ బళ్లతో కలిపే నడుపుతుంది. మరమ్మతులు ఏళ్ల తరబడి వాయిదా వేసింది. చివరికి 2024 జూలై నుంచి డిసెంబర్ దాకా ఫ్రాంక్‌ఫర్ట్–మాన్‌హైమ్ లైనును ఐదు నెలలు పూర్తిగా మూసి బాగుచేయాల్సి వచ్చింది. ఇక అక్కడి నుంచి బాగా ఆలస్యంగా వచ్చే బండిని స్విస్‌వాళ్లు బాసెల్‌లోనే ఆపేసి, టైంకు తమ సొంత బండిని పంపుతారు. ఒక బండి ఆలస్యం దేశమంతా పాకకూడదని.

1,500 కి.మీ. పోయే రాత్రి బళ్లున్న మన దేశానికి ఇది ఉన్నదున్నట్టు పనికిరాదు. కానీ విజయవాడను చూడండి. కాజీపేట, విశాఖ, గూడూరు, గుంటూరు, గుడివాడ దిక్కుల నుంచి లైన్లు కలిసే కూడలి అది. ఇక్కడ బండి మారడాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకపోవడానికి కారణాలున్నాయి. మొదటిది ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది, తర్వాతిది ఎప్పుడో తెలియదు. అందుకే ప్రతి ఊరూ తనకు నేరు బండి కావాలంటుంది, వారానికోసారైనా సరే. అలా చేరిన వీక్లీ బళ్లు ఒక్కో రోజు ఒక్కో టైంలో ప్లాట్‌ఫాం అడుగుతాయి. దాంతో రోజువారీ బళ్లకు స్థిరమైన నిమిషం దొరకదు.

నగరంలో అయితే క్రమం తప్పడం ఇంకా నేరుగా తగులుతుంది. గంటకు మూడు బళ్లనుకుందాం. సరిగ్గా 20 నిమిషాలకొకటి వస్తే సగటు ఎదురుచూపు 10 నిమిషాలు. అవే మూడు బళ్లు 10, 10, 40 నిమిషాల ఎడంతో వస్తే సగటు 15 అవుతుంది, ఎందుకంటే ఎక్కువ మంది స్టేషన్‌కు వచ్చేది ఆ పెద్ద సందులోనే. బళ్ల సంఖ్య మారలేదు, ఖర్చు మారలేదు, జనం మాత్రం ఒకటిన్నర రెట్లు నిలబడ్డారు. 2003లో మొదలైన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ కష్టం ఇదే. లింగంపల్లి–సికింద్రాబాద్ మధ్య అది వాడి నుంచి వచ్చే దూరపు బళ్లతో, గూడ్స్‌తో లైను పంచుకుంటుంది. మూడు కారిడార్లు, 69 కి.మీ. ఉన్న హైదరాబాద్ మెట్రో తన లైను మీద తానొక్కటే తిరుగుతుంది కాబట్టి టైంటేబుల్ చూడకుండా వెళ్లి నిలబడవచ్చు. ముంబైలో మాత్రం లోకల్ బళ్లకు చాలా దూరం విడి లైన్లున్నాయి, రద్దీ వేళ మూడు నాలుగు నిమిషాలకో బండి నడవడానికి అదే మూలం.

2025 జనవరిలో తెరిచిన చర్లపల్లి టెర్మినల్‌ను ఈ లెక్కల వెలుగులో చూడాలి. తొమ్మిది ప్లాట్‌ఫాంలతో సికింద్రాబాద్ ముందరి ఔటర్ బాధను తగ్గించడానికే దాన్ని కట్టారు. బండి వరకు అది సరైన పరిష్కారమే. ఫ్రాన్స్‌లో 1994లో అమియాన్, సాన్ కాంటాన్ పట్టణాల మధ్య పొలాల్లో ఇలాగే ఒక టీజీవీ స్టేషన్ తెరిచారు. టీజీవీకి దారి తిన్నగా ఉంది, దిగినవాళ్లకే ఊరికి వెళ్లే లోకల్ రైలు లేదు. జనం దానికి బీట్‌దుంపల స్టేషన్ అని పేరు పెట్టారు. చర్లపల్లికి ఆ గతి పట్టనక్కర్లేదు, ఎంఎంటీఎస్ రెండో దశ లైను దాని మీదుగానే ఘట్‌కేసర్ దాకా వెళ్తుంది. కావలసింది తెల్లవారుజామున నాలుగింటికీ ఐదింటికీ అక్కడ దిగే బళ్లను చూసుకొని, ఒక్కోటి వచ్చిన పది పన్నెండు నిమిషాలకు సికింద్రాబాద్ వైపు కదిలే లోకల్ బండిని టైంటేబుల్‌లో రాయడం, ఆ దూరపు బండి కాస్త ఆలస్యమైనా లోకల్‌ను అదే టైంకు పంపి, దాని వెనకే ఇరవై నిమిషాల్లో ఇంకొకటి ఉంచడం.